దూడ చచ్చింది, అప్పు మిగిలింది

21వ పశుగణన 2024 అక్టోబర్ 25న మొదలైంది. ఈసారి పశువులను చూసుకునేది ఆడవాళ్లా, మగవాళ్లా అనే వివరం కూడా రాసుకున్నారు. సంచార పశుపోషకుల గురించి మొదటిసారి విడిగా సమాచారం తీసుకున్నారు. మంచి మార్పులే. కానీ పశుగణన అంటే ఎన్యూమరేటర్ గడప దగ్గరికి వచ్చిన రోజున బతికున్న పశువుల లెక్క. పుట్టిన పదో రోజున తెల్లపారుడు పట్టి చచ్చిన దూడ అందులో ఉండదు. చూలు నిలవక ఏడో నెలలో ఈసుకుపోయిన దూడ అసలే ఉండదు. వాటిని పాతిపెట్టిన మనిషి సంగతి ఇక అడగక్కర్లేదు.

పశువుల డాక్టర్లు మాట్లాడుకోవాల్సిన విషయం మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. భూమి లేని ఇంటికి బర్రె ఒక్కటే ఆస్తి అయినప్పుడు, ఆ ఆస్తి మళ్లీ పెరగడానికి ఉన్న ఒకే దారి దూడ. పెయ్యదూడ బతికితే మూడు నాలుగేళ్లకు ఇంట్లో రెండో బర్రె ఉంటుంది, కొత్తగా అప్పు చేయకుండానే. చస్తే ఆ ఇల్లు ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది, ఒక్కోసారి ఇంకో మెట్టు దిగుతుంది. దేశంలోని సాగు కమతాల్లో ఎస్సీల చేతిలో ఉన్నవి 12 శాతం దగ్గర, విస్తీర్ణంలో 9 శాతం లోపు అని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. భూమి పంచరు కాబట్టి ప్రభుత్వాలు బర్రెలు పంచుతాయి. దశాబ్దాలుగా ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీ పథకాల్లో పాడి యూనిట్ లేని సంవత్సరం అరుదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన చేయూత డబ్బును పాడి పశువులతో, అమూల్‌తో ముడిపెట్టారు. తెలంగాణలో 2021లో హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధు 10 లక్షల్లో కొందరు డెయిరీ యూనిట్లే ఎంచుకున్నారు. పథకం పేరు మారినా యూనిట్ అనే మాట మారలేదు. రెండు బర్రెలు ఒక యూనిట్, నాలుగు బర్రెలు ఒక యూనిట్. తల్లి పక్కన ఉన్న దూడ ఆ లెక్కలో పాలు చేపడానికి పనికొచ్చే సాధనం, అంతే.

మొదట జున్ను సంగతి.

మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే రోగనిరోధక శక్తి కొంత అందుతుంది. ఆవు, బర్రె, గొర్రె, మేకల మాయ కట్టుబాటు వేరు. వాటి తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ దాటి పిల్లకు చేరవు. అంటే దూడ ఏ కవచమూ లేకుండా పేడలోకి, మురికిలోకి, ఈగల్లోకి పుడుతుంది. ఆ కవచం అంతా ఈనిన తర్వాత వచ్చే మొదటి చిక్కటి పాలలో ఉంటుంది. దూడ పేగు ఆ యాంటీబాడీలను నేరుగా రక్తంలోకి పీల్చుకోగలిగేది మొదటి కొన్ని గంటలే. గంట గంటకూ ఆ దారి మూసుకుపోతూ, ఒక రోజు గడిచేసరికి దాదాపు మూతపడుతుంది. అందుకే దూడ బరువులో పదో వంతు జున్నుపాలు మొదటి రోజులోనే తాగించాలని, అందులో సగం మొదటి రెండు మూడు గంటల్లోనే పడాలని పశువైద్యం చెప్తుంది. 30 కిలోల బర్రెదూడకు మూడు లీటర్లు. రెండో రోజు ఎంత తాగించినా కడుపు నిండుతుంది గానీ కవచం రాదు.

ఇప్పుడు ఊరి ఆచారం చూడండి. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి పోనివ్వకూడదనే నమ్మకం చాలా చోట్ల ఉంది. మాయ పడటానికి ఎనిమిది గంటలు పట్టొచ్చు, పన్నెండు పట్టొచ్చు. నిజానికి దూడ చీకితేనే మాయ తొందరగా పడే అవకాశం ఎక్కువ. ఆ గంటలన్నీ దూడ ఖాళీ కడుపుతో పడుకుంటుంది, దారి మూసుకుపోతూ ఉంటుంది. ఆ తర్వాత జున్ను పంపకం. మొదటి పూట పాలు ఎవరింటికి వెళ్లాలనేది ఊళ్లో చిన్న విషయం కాదు. పని ఇచ్చే ఆసామికి ఒక చెంబు, అప్పు ఇచ్చినాయనకు ఒక చెంబు, బర్రె కొనిపించిన మధ్యవర్తికి ఒక చెంబు. పట్నంలో జున్నుపాలకు మామూలు పాలకంటే ఎక్కువ ధర ఉంది కాబట్టి అమ్మకం కూడా ఉంది. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఉడికిస్తే గడ్డకట్టే దాంట్లో ఆ యాంటీబాడీలు కూడా ఉంటాయి. జున్ను తినొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు, దూడకు మూడు లీటర్లు పోయాక మిగిలింది ఎవరైనా తినొచ్చు. కానీ వాడలోని ఇల్లు ఆసామికి లేదని చెప్పగల స్థితిలో ఉందా అన్నది పశువైద్య కరపత్రంలో రాయని ప్రశ్న.

రెండోది, దూడ ఎక్కడ పడుకుంటుంది అన్నది. ప్రభుత్వం కట్టించిన కాలనీలో ఇంటి జాగానే కొలిచి ఇస్తారు. కొట్టం వేయడానికి స్థలం ఎక్కడిది? ఇంటి గోడకు ఆనుకుని, మురుగుకాల్వ పక్కన బర్రెను కట్టేస్తారు, దూడను ఇంకో మూలకు. తెగిన బొడ్డుతాడు రెండు మూడు రోజుల దాకా తెరిచిన తలుపు లాంటిది. ఆ తడిలో, పేడలో పడుకున్న దూడకు బొడ్డు నుంచి క్రిములు ఎక్కి చీము పడుతుంది, అక్కడి నుంచి కీళ్లకు దిగుతుంది. మోకాళ్లు వాచి దూడ లేవలేకపోతుంది. చూసేవాళ్లు వాతం అంటారు. పుట్టగానే బొడ్డును శుభ్రమైన దారంతో కట్టి, కింద కోసి, టింక్చర్ అయోడిన్‌లో ముంచితే చాలావరకు రాని జబ్బు ఇది. సీసా ఖరీదు వంద రూపాయల వ్యవహారం. లక్ష రూపాయల బర్రెను ఇచ్చేటప్పుడు దాంతో పాటు ఆ సీసా ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు.

ఏలికపాములది ఇంకా విడ్డూరమైన కథ. బర్రెదూడలకు ఈ పాములు నేల నుంచే వస్తాయని అందరూ అనుకుంటారు. బర్రెల్లో ఉండే ఏలికపాము పిల్లలు తల్లి కండరాల్లో, అవయవాల్లో నిద్రాణంగా ఉండి, ఈనే సమయానికి లేచి పొదుగులోకి చేరి, పాలతో పాటే దూడ కడుపులోకి వెళ్తాయి. అంటే ఎంత శుభ్రంగా ఉంచినా మొదటి వారాల్లోనే సోకుతుంది. మట్టిరంగు కంపు పారుడు, ఉబ్బిన పొట్ట, మెరుపు పోయిన వెంట్రుకలు. పది నుంచి పదిహేను రోజుల మధ్య ఒకసారి పిపెరజిన్ లాంటి నట్టల మందు పోస్తే ఆ పాములు పెద్దవి కాకముందే పోతాయి. ప్రభుత్వం ఏడాదికి రెండు మూడుసార్లు నట్టల నివారణ శిబిరాలు పెడుతుంది, ఫొటోలు వస్తాయి. శిబిరం తేదీకి దూడ వయసు పది రోజులు అయ్యేలా బర్రె ఈనదు కదా. మందు వాడలోనే ఎవరో ఒకరి దగ్గర ఉండాలి.

పారుడు పట్టిన దూడ చచ్చేది ముఖ్యంగా ఒంట్లో నీరు, ఉప్పు పోవడం వల్ల. చిన్నపిల్లలకు పారుడు పడితే ఓఆర్‌ఎస్ తాగించాలని మన తల్లులకు ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీలు ఎన్నో ఏళ్లుగా చెప్తున్నారు, వాళ్లు నేర్చుకున్నారు. అదే సూత్రం దూడకూ వర్తిస్తుందని, పాలు మాన్పించి పస్తు పెట్టకూడదని చెప్పినవాళ్లు తక్కువ. గాలికుంటు సంగతీ ఇంతే. పెద్ద పశువుకు నోట్లో, గిట్టల్లో పుండ్లు పడి కోలుకుంటుంది. లేత దూడకు ఆ వైరస్ గుండె కండరాన్ని పట్టుకుంటుంది, ఒక్క పుండూ కనపడకుండానే పడిపోతుంది. దృష్టి తగిలిందనుకుంటారు. నాలుగు నెలలు నిండేదాకా దూడకు ఆ టీకా వేయరు. అప్పటిదాకా దానికి రక్షణ తల్లికి వేసిన టీకా, తల్లి ఇచ్చిన జున్ను మాత్రమే. అంటే జున్ను ఆసామి ఇంటికి పోయిన రోజునే ఆ టీకా కూడా పోయినట్టు.

ఇక పాల లెక్క. మొదటి నెలంతా దూడకు రోజుకు దాని బరువులో పదో వంతు పాలు కావాలి. మూడు లీటర్లు. లీటరు 50 రూపాయలే అనుకుందాం, రోజుకు 150, నెలకు 4,500. చాలా చోట్ల పాలకేంద్రం బిల్లులోనే బ్యాంకు వాయిదా పట్టుకుంటారు. ఆరేడు లీటర్లు ఇచ్చే బర్రె దగ్గర మూడు లీటర్లు దూడకు వదిలితే, వాయిదా పోగా ఇంట్లోకి ఏం వస్తుంది? తవుడు, చెక్క కొనాలి. సొంత పొలం ఉన్నవాడికి వరిగడ్డి ఊరికే వస్తుంది, మనవాళ్లు దాన్ని కూడా కొనాలి. గట్ల మీద గడ్డి కోసుకునే హక్కు కూలికి వెళ్లే ఆసామి దయ మీద ఉంటుంది. ఈ మధ్య గట్ల మీద కూడా గడ్డిమందు కొడుతున్నారు. బంచరాయి భూములు ఎప్పుడో ఆక్రమణ అయిపోయాయి. చూలు ఆఖరి రెండు మూడు నెలల్లో సరైన మేత పడని బర్రె బలహీనమైన దూడను ఈనుతుంది, జున్నూ పలచగా ఇస్తుంది. దీన్ని పశువైద్యులు పోషణ లోపం అంటారు. భూమి లేకపోవడం అని కూడా అనొచ్చు.

దూడను ఆకలితో చంపుతున్నారని వాడలోని ఆడవాళ్ల మీద నింద వేయడం సులభం. రోజూ తెల్లవారుజామున లేచి ఆ మూడు లీటర్ల దగ్గర తేల్చుకోవాల్సింది వాళ్లే. దూడ నోట్లో నుంచి లాగిన పాలు చివరికి ఏ ఇంట్లో టీ అవుతున్నాయో నింద వేసేవాళ్లు ఆలోచించరు.

మగదూడ విషయంలో దేశమంతా కలిసి ఒక నిర్ణయం తీసుకున్నట్టే ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో బర్రెజాతి మొత్తం 10.98 కోట్లు, అందులో ఆడవి 10.05 కోట్లు. మిగిలిన మగవి కోటి కూడా లేవు. పుట్టుకలో ఆడ, మగ దాదాపు సగం సగం. మిగతావన్నీ ఏమయ్యాయి? కొన్ని మాంసానికి వెళ్లాయి, బర్రెమాంసం ఎగుమతిలో మన దేశం ముందు వరుసలో ఉంది. చాలావాటికి ఆ వయసు దాకా బతికే అదృష్టం కూడా లేదు, పాలు లేక, పట్టించుకునేవాళ్లు లేక మొదటి నెలల్లోనే పోయాయి. మగ బర్రెదూడలను కాపాడి పెంచే కేంద్ర పథకం ఒకటి పదకొండో పంచవర్ష ప్రణాళిక కాలంలో వచ్చింది. నిలబడి ఉంటే వాడలకు అది మంచి జీవనాధారం అయ్యేది. ఇప్పుడు మగదూడ పుట్టకుండా చూసే వీర్యం డోసుల మీద ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోంది. అది తప్పని నేను అనను. మాంసం గురించి మాట్లాడటానికి భయపడే రాజకీయం మాత్రం మగదూడను పెంచడం గురించి ఎలా మాట్లాడుతుంది?

1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం, తన పశువుకు చాలినంత మేత, నీరు, నీడ ఇవ్వని యజమాని నేరం చేసినట్టే. అదే చట్టం సెక్షన్ 12 పాల కోసం పశువుకు హాని చేసే సూదిమందులను నిషేధించింది. దూడ చచ్చిన బర్రెకు పూటపూటా ఆక్సిటోసిన్ పొడిచే డెయిరీలు పట్నాల చుట్టూ ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. పెద్ద డెయిరీలో మగదూడ ఎండి చచ్చిందని గోరక్షకులు ఆందోళన చేసిన వార్త ఎప్పుడైనా చదివారా? 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు దళిత యువకులను కొట్టారు. తర్వాతి నెలలో మన అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత సోదరుల మీద దాడి చేశారు. చచ్చాక పుట్టుకొచ్చే ఈ ప్రేమ దూడ ఆకలితో ఉన్నప్పుడు కనపడదు.

చచ్చిన దూడ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, అది మన ఒంటికి సంబంధించింది. ఈసుకుపోయిన దూడను, పడని మాయను తీసి పారేసే పని ఊళ్లో ఇప్పటికీ ఎవరికి చెప్తారో వేరే చెప్పక్కర్లేదు. పాత రోజుల్లో దూడ చచ్చినా బర్రె చేపడానికి దాని తోలు ఒలిచి, గడ్డి కూరి, బొమ్మ చేసి తల్లి ముందు నిలబెట్టే పనీ మాదిగవాడదే. చూలు ఆఖరి నెలల్లో ఈసుకుపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి బ్రూసెల్లోసిస్. ఆ మాయలో, ఆ నీళ్లలో, చచ్చిన పిండంలో బ్రూసెల్లా క్రిములు విపరీతంగా ఉంటాయి. చేతి మీద చిన్న గీత చాలు, కంటిలో ఒక చుక్క పడినా చాలు. మనిషికి వచ్చి పోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు, మగవాళ్లకు వృషణాల వాపు. నెలల తరబడి టైఫాయిడ్ అని మందులు మింగుతూ కూలి పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. సరైన చికిత్స ఆరు వారాల డాక్సీసైక్లిన్, దానికి తోడు ఇంకో యాంటీబయాటిక్. ఐదు రోజుల మందుతో జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది.

కేంద్రం 2019లో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ నివారణకు 13,343 కోట్ల రూపాయల కార్యక్రమం ఆమోదించింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడదూడలకు బ్రూసెల్లా టీకా జీవితంలో ఒక్కసారి వేయాలి. పశువు కోసం అంత డబ్బు పెట్టడం సరైనదే. ఆ పశువు మాయ ఎత్తే మనిషికి మోచేతి దాకా గ్లౌజులు, రక్త పరీక్ష ఏ ఖాతా నుంచి వస్తాయి? పశువుల ఆసుపత్రి ఒక శాఖ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఇంకో శాఖ. మధ్యలో ఉన్నది కూలి మనిషి.

చట్టాలు లేక కాదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూల్‌లో పశువులను, పశు కళేబరాలను తాకే పని వల్ల వచ్చే అంటురోగాలను వృత్తి వ్యాధులుగా గుర్తించారు. కానీ ఆసామి కొట్టంలో ఏడాది జీతానికి ఉన్న మనిషి దగ్గర తాను ఉద్యోగినని చూపే కాగితం ఏముంటుంది? పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో 1976 సవరణతో చేర్చిన 7ఏ సెక్షన్, అంటరానితనం పేరుతో ఎవరినైనా కళేబరం తీయమని, తోలు ఒలవమని, బొడ్డుతాడు తీయమని బలవంతం చేయడం నేరం అంటుంది. చావు పని, పురుటి పని రెండూ ఒకే వాక్యంలో పెట్టిన చట్టం అది, మన ఊళ్లను బాగా చూసి రాసినట్టుంది. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న అట్రాసిటీ చట్ట సవరణ 3(1)(ఐ) కూడా ఎస్సీ, ఎస్టీలతో కళేబరాలు మోయించడాన్ని నేరంగా చేర్చింది. చచ్చిన గొడ్డు మాంసం తినడం మానండని 1927లో మహాడ్ సభలో అంబేడ్కర్ పిలుపు ఇచ్చి ఎంతకాలమైందో లెక్క వేసుకోండి. దూడ చిన్నది కాబట్టి, గోతాంలో వేసుకుని పోతే అయిపోతుంది కాబట్టి, దాన్ని కళేబరంగా కూడా ఎవరూ చూడరు. కేసు అవ్వాల్సింది చనువు కింద పోతోంది.

పాలుకు పెంచడం గురించి ఒక మాట. ఆసామి పాలు మరిచిన పెయ్యదూడను వాడలోని ఇంటికి ఇస్తాడు. ఆ ఇల్లు రెండు మూడేళ్లు మేపి, ఈనే దాకా తెస్తే, దాని విలువలో సగం వాళ్లకు. మధ్యలో దూడ చస్తే మూడేళ్ల చాకిరీకి విలువ సున్నా, పైగా మాట పడాలి. బీమా ఉన్నా ఆసామి పేరు మీదే. మామూలు పశుబీమా కూడా పాలిచ్చే తల్లి చెవికి పోగు వేసి రాసేదే, అప్పుడే పుట్టిన దూడ అందులో ఉండదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పశుబీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. అది వాడకు చేరాలంటే యూనిట్ ఇచ్చిన రోజునే తల్లితో పాటు దూడకూ వర్తించే పాలసీ చేతికి రావాలి. (తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు అన్నారు. అది గొల్ల కురుమలకు ఇచ్చిన పథకం, దళితులకు వర్తించలేదు, ఆ చర్చ వేరే. కానీ ఈనిన పిల్లలు ఎన్ని బతికాయనే ప్రశ్న అక్కడా ముఖ్యమే.)

1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుందని రెండు రాష్ట్రాలూ చెప్తున్నాయి. ఊరి నడిబొడ్డున ఆగిన వాహనం వాడదాకా వస్తుందా అనేది మన విద్యార్థులు తేల్చగల విషయం. సమాచార హక్కు కింద మండల పశువైద్యశాలను అడగడానికి పది రూపాయలు చాలు. గత ఏడాది 1962 వాహనం ఏ ఏ ఆవాసాలకు వెళ్లింది, ఎస్సీ కాలనీలకు ఎన్నిసార్లు. బ్రూసెల్లా టీకా ఎన్ని ఆడదూడలకు వేశారు, అందులో ఎస్సీ కుటుంబాలవి ఎన్ని. ఎస్సీ కార్పొరేషన్ జిల్లా ఈడీని అడగాల్సింది ఇంకోటి ఉంది. ఐదేళ్లలో మీరు ఇచ్చిన పాడి యూనిట్లలో మొదటి ఈతలో పుట్టిన దూడల్లో ఏడాది నిండినవి ఎన్ని? ఆ సమాచారం మా దగ్గర లేదని జవాబు వస్తే దాన్ని దాచిపెట్టుకోండి. ఉప ప్రణాళిక నిధుల సమీక్ష జరిగే రోజున జిల్లా కలెక్టర్ ముందు పెట్టాల్సిన కాగితం అదే.